బడి పాలలో వెన్న శాతం, బరువు పెరగని పాప: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

అమెరికా దక్షిణాది రాష్ట్రంలోని ఒక పబ్లిక్ ఎలిమెంటరీ స్కూల్లో రెండో తరగతి చదువుతున్న ఏడున్నరేళ్ల తెలుగు పాప కేసు ఇది. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగస్థులు. శాకాహార కుటుంబం, కేకులో గుడ్డు ఉంటే అభ్యంతరం లేదు గానీ విడిగా తినరు. 2024 అక్టోబరులో పిల్లల డాక్టరు దగ్గర్నుంచి డైటీషియన్‌నైన నాకు రెఫరల్ (నిపుణుల దగ్గరికి పంపే చీటీ) వచ్చింది. "బరువు సరిగా పెరగడం లేదు, స్కూలు పాల విషయంలో తల్లిదండ్రులకు అభ్యంతరం ఉంది" అని అందులో ఉంది. గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను.

అభ్యంతరం ఏమిటో అర్థం కావాలంటే అప్పటి నిబంధన తెలియాలి. 2010 డిసెంబరులో ఒబామా సంతకం చేసిన 'హెల్దీ, హంగర్ ఫ్రీ కిడ్స్ యాక్ట్' బడి భోజనంలో ఇచ్చే పాలు దేశ ఆహార మార్గదర్శకాలకు తగ్గట్టు ఉండాలంది. దాని ప్రకారం 2012-13 విద్యా సంవత్సరం నుంచి స్కూళ్లలో వెన్న తీసిన పాలు, ఒక శాతం వెన్న ఉన్న పాలు మాత్రమే ఇవ్వాల్సి వచ్చేది. చాక్లెట్, స్ట్రాబెర్రీ పాలైతే మొదట్లో పూర్తిగా వెన్న తీసినవే ఉండేవి. తర్వాత ఒక శాతానికి సడలించారు. హోల్ మిల్క్ (వెన్న తీయని పాలు), రెండు శాతం పాలు ట్రేలోకి రావడానికి వీలుండేది కాదు. ప్రభుత్వం డబ్బు తిరిగి చెల్లించే భోజనానికి అప్పట్లో ఇది షరతు. రోజుకు దాదాపు 3 కోట్ల మంది పిల్లలు తినే పథకం కాబట్టి ఏ స్కూలూ దీన్ని తేలిగ్గా తీసుకునేది కాదు.

క్యాంటీన్ మేనేజర్ల చేతులు ఎందుకు కట్టుబడి ఉండేవో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. ఐదో తరగతి వరకు పిల్లల లంచ్ 550 నుంచి 650 కేలరీలు ఉండాలి. అందులో సంతృప్త కొవ్వు (వెన్న, నెయ్యిలో ఎక్కువగా ఉండే రకం) వారం సగటున పది శాతం లోపే ఉండాలి. 600 కేలరీల లంచ్‌కు అది సుమారు 6.7 గ్రాములు. 8 ఔన్సుల (సుమారు 240 మి.లీ.) హోల్ మిల్క్‌లోనే 4.5 గ్రాములుంటుంది. పాలకే మూడింట రెండు వంతులు పోతే చీజ్ పిజ్జాకూ గ్రిల్డ్ చీజ్‌కూ చోటెక్కడిది? శాకాహారి పిల్లలు ఎక్కువగా ఆధారపడేదేమో ఆ రెండింటి మీదే.

సమస్య

పాప బరువు 19.5 కిలోలు, ఎత్తు 120 సెంటీమీటర్లు, బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే సంఖ్య) 13.5. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చార్టులో బీఎంఐ 5వ పర్సంటైల్ గీతకు (అదే వయసు వందమంది పిల్లల్లో ఐదుగురు మాత్రమే దీనికి కింద ఉంటారు) కాస్త పైన ఉంది. ఒక్క కొలత చూసి బెంగపడక్కర్లేదు, మన పిల్లల్లో సన్నగా ఉండి ఆరోగ్యంగా ఉన్నవాళ్లు చాలామంది. ఇక్కడ ఆలోచించాల్సింది గీతలు దాటడం గురించి. ఐదేళ్ల వయసులో బీఎంఐ 25వ పర్సంటైల్ దగ్గర ఉండేది. గడిచిన ఏడాదిలో ఎత్తు 5 సెంటీమీటర్లు పెరిగింది, అది మామూలే. బరువు మాత్రం 0.8 కిలోలే పెరిగింది. ఈ వయసులో ఏడాదికి 2 నుంచి 3 కిలోలు పెరగాలి. ఎత్తు ఆగకుండా బరువు ఒక్కటే వెనకబడితే ముందుగా అనుమానించాల్సింది ఆహారం చాలడం లేదేమోనని. ఎత్తు కూడా ఆగి ఉంటే థైరాయిడ్, పేగుల జబ్బుల వైపు వెతకాల్సి వచ్చేది. అయినా డాక్టరు ఆ పరీక్షలు కూడా చేయించారు. సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని పేగుల జబ్బు), థైరాయిడ్ పరీక్షలు రెండూ మామూలుగా ఉన్నాయి.

తేడా కనిపించింది రక్తంలో. హిమోగ్లోబిన్ 11.2 (ఈ వయసుకు కనీసం 11.5 ఉండాలి), ఎంసీవీ (ఎర్ర రక్తకణాల సగటు పరిమాణం) 74, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వల కొలత) 9. ఇనుము నిల్వలు అడుగంటాయి.

తల్లిదండ్రుల దృష్టిలో కారణం ఒక్కటే. "ఇంట్లో చిక్కటి పాలు తాగే పిల్లండీ, బడిలో నీళ్ల పాలు పోస్తున్నారు. బరువెలా పెరుగుతుంది?" అని తల్లి అడిగారు. స్కూలుకు అప్పటికే రెండు మెయిళ్లు పంపారు, జవాబు నచ్చక చాలా కోపంగా ఉన్నారు. ఇంటర్నెట్‌లో ఒక వార్త చదివి దాచుకున్నారు కూడా. 28 అధ్యయనాలను పరిశీలించి కెనడా పరిశోధకులు 2020లో చేసిన విశ్లేషణ అది. తక్కువ వెన్న పాలు తాగే పిల్లలతో పోలిస్తే హోల్ మిల్క్ తాగేవాళ్లు అధిక బరువుతో ఉండే అవకాశం 39 శాతం తక్కువని అందులో తేలింది. విశ్లేషణ నిజమైనదే. అయితే అవన్నీ గమనించి రాసుకున్న అధ్యయనాలు, ఫలానా పాలే తాగండని పిల్లలను విడగొట్టి చేసినవి కావు. సన్నటి పిల్లలకే తల్లిదండ్రులు చిక్కటి పాలు పోస్తారు, లావుగా ఉన్నవాళ్లకు తగ్గిస్తారు. ఏది ముందో ఏది వెనకో అందులోంచి చెప్పలేం. పైగా ఆ ఫలితం ఈ తల్లి వాదనకు ఎదురుగా ఉంది. హోల్ మిల్క్ తాగినవాళ్లు సన్నగా ఉన్నారని అది చెబుతోంది, ఆమె కోరుకుంటున్నదేమో బరువు పెరగాలని.

మొదట వేసిన లెక్క

8 ఔన్సుల డబ్బా, అంటే సుమారు 240 మి.లీ. హోల్ మిల్క్‌లో 150 కేలరీలు, 8 గ్రాముల కొవ్వు ఉంటాయి. ఒక శాతం పాలలో కేలరీలు 100 పైచిలుకు, కొవ్వు 2.5 గ్రాములు. వెన్న పూర్తిగా తీసినవాటిలో కేలరీలు 80 పైచిలుకు. ప్రొటీన్ మూడింటిలోనూ 8 గ్రాములే, కాల్షియం దాదాపు ఒకటే. వెన్నతోపాటు పోయే విటమిన్ 'ఎ'ని తిరిగి కలుపుతారు, 'డి' కూడా కలుపుతారు. కాబట్టి "నీళ్ల పాలు" అన్నమాట సరికాదు. తేడా కొవ్వులో, దానివల్ల వచ్చే సుమారు 50 కేలరీల్లో ఉంది.

ఇక్కడ ఊళ్లో పాల జ్ఞాపకం కూడా లెక్కను తప్పుదోవ పట్టిస్తుంది. అమెరికా హోల్ మిల్క్‌లో వెన్న 3.25 శాతం. మన దగ్గర టోన్డ్ పాలలో 3 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6 శాతం. మీగడ కట్టే గేదె పాలను తలుచుకుని హోల్ మిల్క్ అడిగితే దొరికేది టోన్డ్ పాలకు దగ్గరి సరుకే.

రోజుకు 50 కేలరీలంటే 180 బడి రోజులకు 9,000. బరువు పెరగని పిల్లకు అది కొట్టిపారేసే మొత్తం కాదు, ఆ మాట తల్లిదండ్రులతో అన్నాను కూడా. అయితే ఆ 50 కేలరీలు రావాలంటే ముందు డబ్బాలో పాలు పిల్ల కడుపులోకి వెళ్లాలి. అవి వెళుతున్నాయో లేదో ఎవరూ చూడలేదు. మరోవైపు ఒక టీస్పూను నెయ్యిలో 45 కేలరీలుంటాయి, 5 గ్రాముల కొవ్వు ఉంటుంది. రెండు నెలలుగా స్కూలుతో జరుగుతున్న గొడవంతా దాదాపు ఒక టీస్పూను నెయ్యికి సమానమైన తేడా గురించి.

ఇంట్లో తిండి

రెండు బడి రోజులు, ఒక సెలవు రోజు కలిపి మూడు రోజుల తిండి రాయించాం. గ్లాసు అని రాస్తే ఒప్పుకోలేదు, గ్లాసును కొలిచి తెమ్మన్నాను. 10 ఔన్సులు పట్టే స్టీలు గ్లాసు తేలింది. పొద్దున లేవగానే ఒకటి, బడి నుంచి రాగానే ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి. మొత్తం 30 ఔన్సులు, అంటే 890 మి.లీ. చక్కెర, బాదం పొడి కలుపుకుని సుమారు 680 కేలరీలు.

పొద్దున పాలు తాగి టిఫిన్ తినకుండానే బస్సెక్కేది. బడిలో తినేది సుమారు 200 కేలరీలు, ఎక్కువగా పండ్ల ముక్కలు, పిజ్జా రెండు మూడు కొరుకులు. సాయంత్రం పాలతో బిస్కెట్లో చిప్సో 200. రాత్రి నాలుగు ముద్దల పప్పన్నం, పెరుగన్నం కలిపి 250. అన్నీ కలిపితే 1,330. ఈ పాపకు కావాల్సింది 1,600 దాకా. తింటున్న దాంట్లో సగానికి పైగా పాలే.

ఆవు పాలలో ఇనుము లేనట్టే లెక్క, కప్పుకు 0.1 మిల్లీగ్రాము. పైగా పాలలోని కాల్షియం, కేసీన్ అనే ప్రొటీన్ ఇతర తిండిలోని ఇనుమును ఒంటికి పట్టకుండా అడ్డుకుంటాయి. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు రోజుకు 10 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. శాకాహారులకు దాన్ని 1.8 రెట్లు చేసి లెక్కవేయాలి. ఈ పాపకు అందుతున్నది 5 లోపు. కాల్షియమేమో 1,000 మిల్లీగ్రాములు చాలు, పాలతోనే 1,100 వస్తోంది. ఈ వయసుకు పాలు, పెరుగు, చీజ్ అన్నీ కలిపి రోజుకు రెండున్నర కప్పులు సరిపోతాయి. పాప పాలే మూడున్నర కప్పులకు పైగా తాగుతోంది.

అంటే పాలు చాలడం లేదన్నది ఫిర్యాదు, పాలు ఎక్కువైపోవడం అసలు సంగతి. ఆ ముక్క మొదటి రోజే తల్లి ముందు పెడితే ఆమె వినే స్థితిలో లేరు. నెలల తరబడి స్కూలు తమ మాట వినలేదన్న బాధలో ఉన్న మనిషికి మనం కూడా అదే పాట పాడినట్టుంటుంది. అందుకే ఆమె అడిగినదాన్ని ముందు పరీక్షించి చూడాలని నిర్ణయించాం.

చేసిన ప్రయత్నాలు, ఫలించనివి

హోల్ మిల్క్ ఇవ్వమని తల్లిదండ్రులు రాసిన ఉత్తరానికి స్కూలు ఒప్పుకోలేదు. అప్పటి నిబంధన ప్రకారం అది సరైన జవాబే. వైకల్యం లేని పిల్లలకు అప్పట్లో తల్లిదండ్రుల ఉత్తరం మీద ఇవ్వగలిగింది పాలకు సమానమైన పోషకాలున్న ప్రత్యామ్నాయం, ఉదాహరణకు కప్పుకు 276 మిల్లీగ్రాముల కాల్షియం, 8 గ్రాముల ప్రొటీన్ ఉన్న సోయా పాలు. వెన్న శాతం మార్చడం ఆ దారిలో కుదిరేది కాదు.

డాక్టరు చీటీ కూడా తిరిగొచ్చింది. "హోల్ మిల్క్ ఇవ్వగలరు" అన్న ఒక్క వాక్యం రాసి ఉంది. స్కూలుకు కావాల్సిన వైద్య ధ్రువీకరణలో మూడు సంగతులుండాలి: ఒంట్లోని ఇబ్బంది తిండిని ఎలా పరిమితం చేస్తోంది, ఏది ఇవ్వకూడదు, దాని బదులు ఏది ఎంత ఇవ్వాలి. బరువు పెరుగుదల మందగించడం, ఇనుము లోపం పేర్కొని, ఒక శాతం పాల బదులు రోజుకు 8 ఔన్సుల హోల్ మిల్క్ అని రాసి, డాక్టరు సంతకంతో మళ్లీ పంపాం. వారంలో ఒప్పుకున్నారు.

ఫలితం ఉండకపోవచ్చని తెలిసీ ఆ దారి ఎందుకు తొక్కామంటే, హాని లేదు, ఖర్చు తక్కువ. తల్లి మనసులోని ప్రశ్నకు కాగితం మీది లెక్కకన్నా కళ్లెదుటి ఫలితం గట్టి జవాబు. స్కూలు ఒప్పుకున్న అదే ఉత్తరంలో ఇంకో సాయం అడిగాం. ఒక వారం పాటు లంచ్‌లో పాప ట్రే మీద ఏం మిగిలిందో పర్యవేక్షకురాలు ఒక చిన్న కాగితం మీద గుర్తు పెట్టాలి. పాల డబ్బా తెరిచిందా లేదా, తెరిస్తే ఎంత మిగిలింది. ప్రధాన వంటకంలో తిన్నది ముప్పావు, సగం, పావు, లేదా అసలు ముట్టలేదు. నాలుగే గడులు. ఇంతకన్నా పెద్ద ఫారం ఇస్తే ఎవరూ నింపరు.

మూడు వారాలు హోల్ మిల్క్ వచ్చింది. బరువు కదల్లేదు. కాగితంలో కారణం ఉంది. ఐదు రోజుల్లో పాల డబ్బా తెరిచింది ఒక్క రోజు, అదీ రెండు గుక్కలు తాగి వదిలేసింది. అంతకుముందు ఒక శాతం పాలను కూడా అలాగే వదిలేసి ఉంటుందని వేరే చెప్పక్కర్లేదు. పాపను అడిగితే, "చల్లగా ఉంటాయి. డబ్బా చింపడం రాదు, టీచర్‌ని పిలిస్తే అందరూ చూస్తారు" అంది. ఇంట్లో గోరువెచ్చగా, తియ్యగా తాగే పిల్లకు ఫ్రిజ్‌లోంచి తీసిన చప్పటి పాలలో వెన్న ఒక శాతమైనా మూడు శాతమైనా ఒకటే. పాలలో సహజంగా ఉండే చక్కెర లాక్టోజ్ పడడం లేదేమోనని తండ్రి అడిగారు. ఇంట్లో 890 మి.లీ. తాగి కడుపునొప్పి, విరేచనాలు ఏవీ లేని పిల్లకు ఆ అనుమానం అక్కర్లేదు.

తర్వాత వారం చాక్లెట్ పాలు. అవి తాగింది, డబ్బా చివరిదాకా. కానీ అదే కాగితంలో ప్రధాన వంటకం గడి 'పావు' నుంచి 'ముట్టలేదు'కు జారింది. ఇరవై నిమిషాల లంచ్‌లో ఐదు నిమిషాలు వరుసలోనే పోతాయి. ముందు తియ్యటి పాలు తాగితే ఆ చిన్న పొట్టలో ఇంకేమీ పట్టదు. బాగా తిని, పాలు మాత్రం ముట్టని పిల్లకు చాక్లెట్ పాలు మంచి దారే, వాటిని నేను తప్పుపట్టను. ఈ పాపకు మాత్రం అవి తిండికి పోటీ.

ఈలోగా ఇంట్లో బరువు కోసమని రాత్రి గ్లాసులో నెయ్యి, జీడిపప్పు పొడి కూడా మొదలుపెట్టారు. మర్నాడు పొద్దున ఆకలి ఇంకా పోయింది.

ఫలించినవి

కాగితం చూశాక తల్లి తనంతట తానే అన్నారు, "అయితే పాల గురించి కాదన్నమాట". అక్కడి నుంచి పని తేలికైంది.

ముందుగా పొద్దున గ్లాసు తీసేయాలని నిర్ణయించాం. మూడింటిలో దాన్నే ఎంచుకోవడానికి రెండు కారణాలు. టిఫిన్ ఆకలిని చంపుతున్నది అదే. పైగా ఇనుము మందు వేయడానికి పాలు లేని వేళ ఒకటి కావాలి. డాక్టరు రోజుకు కిలోకు 3 మిల్లీగ్రాముల చొప్పున ఒకే మోతాదుగా రాశారు, ఈ పాపకు సుమారు 60 మిల్లీగ్రాముల ఇనుము. ఉదయం లేవగానే పావు కప్పు నారింజ రసంతో వేస్తారు. పాలకూ మందుకూ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. మలం నల్లగా వస్తుందని, ద్రవ మందైతే పళ్లకు మరక పడుతుంది కాబట్టి నోటి లోపలికి పోసి వెంటనే పుక్కిలించాలని ముందే చెప్పాం. సీసా పిల్లలకు అందనిచోట ఉంచాలి, ఇనుము మోతాదు మించితే ప్రాణాపాయం.

పాలు ఒక్కసారిగా ఆపలేదు. నాలుగు రోజులకోసారి రెండు ఔన్సులు తగ్గిస్తూ పొద్దున గ్లాసు పూర్తిగా పోయేలా, మిగతా రెండూ 8 ఔన్సులకు దిగేలా చేశాం. స్టీలు గ్లాసులో తెలియకుండానే ఎక్కువ పోసేస్తారు కాబట్టి గీతలున్న కొలత కప్పు వాడమన్నాం. పాలు తిండికి ముందు కాదు, తర్వాత. రోజుకు 480 మి.లీ., రాత్రి అరకప్పు పెరుగు, బడిలో చీజ్ ఉన్న రోజు ఆ చీజ్. కాల్షియం 1,000కి దగ్గరగానే ఉంది. వీడియో కాల్‌లో అమ్మమ్మ "పాలు తగ్గిస్తే ఎముకలు గట్టిపడేదెలా తల్లీ?" అని కంగారుపడితే ఆవిడకూ ఇదే లెక్క వివరించాం. ఇంట్లో పెద్దవాళ్లను ఒప్పించకుండా పాలు తగ్గించే ప్రణాళిక వేస్తే అది వాళ్లు వచ్చిన రోజే ఆగిపోతుంది.

మొదటి పది రోజుల్లో పిల్ల చికాకు పడింది, బరువు 200 గ్రాములు తగ్గింది. ఇలా జరుగుతుందని ముందే చెప్పి ఉంచడం చాలా అవసరం. పాలు తగ్గిన వెంటనే తిండి పెరగదు, ఆకలి తిరిగి రావడానికి వారం పది రోజులు పడుతుంది. చాలా ఇళ్లలో సరిగ్గా ఈ దశలోనే భయపడి మళ్లీ గ్లాసు చేతికిస్తారు.

టిఫిన్‌కు నెయ్యి వేసిన దోసె లేదా పెసరట్టు, పుట్నాల చట్నీ. సుమారు 300 కేలరీలు. కొన్ని స్కూళ్లలో వేరుశనగ నిషిద్ధం కాబట్టి బాక్సులోకి కూడా పుట్నాలే వాడమన్నాం.

లంచ్‌ను వారంలో రెండుగా విడగొట్టాం. మెనూలో బీన్ బరిటో (చిక్కుడు గింజల కూర చుట్టిన రొట్టె), చీజ్ పిజ్జా వచ్చే రెండు రోజులు బడి భోజనం, మిగతా మూడు రోజులు ఇంటి బాక్స్. బడి భోజనం తినే రోజు పాలు తీసుకోవాల్సిన పని లేదన్న సంగతి తల్లిదండ్రులకు తెలియదు. పండ్లు, కూరగాయలు, ధాన్యం, మాంసం లేదా దాని బదులు ఇచ్చేది, పాలు: ఈ ఐదింటిలో ఏవైనా మూడు తీసుకుంటే చాలు, వాటిలో ఒకటి అరకప్పు పండో కూరగాయో అయి ఉండాలి. ఇలా ఎంచుకునే వెసులుబాటు ఆ స్కూల్లోనూ ఉంది. పాలు వదిలేసి నీళ్లు తాగొచ్చు, భోజనం దగ్గర తాగునీరు ఉచితంగా ఉంచాలన్నది 2010 చట్టంలోనిదే. ఈ పాపకు పాలు వద్దని చెప్పాం. ప్రధాన వంటకం ముందు, పండు తర్వాత.

బాక్స్‌లో 10 ఔన్సుల థర్మాస్. మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచి, పారబోసి, వెంటనే పొగలుగక్కే పప్పన్నం పెట్టాలి. మధ్యాహ్నానికి 60 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగకూడదు. గోరువెచ్చటి అన్నం పెడితే రుచీ పోతుంది, చెడిపోయే ప్రమాదం కూడా ఉంది. పప్పు కాస్త జారుగా కలపాలి, లేదంటే పన్నెండింటికి గట్టి ముద్దవుతుంది. ముప్పావు కప్పు అన్నం, అరకప్పు ముద్దపప్పు, రెండు టీస్పూన్ల నెయ్యి, నాలుగు చుక్కల నిమ్మరసం: 350 కేలరీలు. నిమ్మరసం రుచికే కాదు, పప్పులోని ఇనుము ఒంటికి పట్టడానికి కూడా. పెరుగన్నం బాక్సైతే ఐస్ ప్యాక్ తప్పనిసరి.

మొదటి వారం థర్మాస్ మూత తెరుచుకోక అన్నం ముట్టకుండా తిరిగొచ్చింది. వేడి పదార్థం చల్లబడేకొద్దీ లోపలి గాలి కుంచించుకుని మూతను పట్టేస్తుంది. ఆవిరి కాస్త పోనిచ్చి మూత పెట్టడం, బిగించాక చివర్లో కొంచెం వదులు చేయడం, శని ఆదివారాల్లో ఇంట్లో పాపచేతే తెరిపించడం. పాల డబ్బా విషయంలోనూ ఇదే చేశాం, ఖాళీ డబ్బాలతో రెక్కలు వెనక్కి విరిచి ముందుకు లాగడం నేర్పించారు. ఏడేళ్ల చేతులతో తెరవలేనిది ఎంత పోషకమైనా లెక్కలోకి రాదు.

సాయంత్రం రాగానే పాలు కాకుండా ముందు శనగల గుగ్గిళ్లు లేదా పల్లీల వెన్న రాసిన రొట్టె, అరగంట తర్వాత పాలు. ఈ వరుస మార్పుకు నాన్న బాధ్యత తీసుకున్నారు, ఆయన ఆ వేళకు ఇంటి నుంచి పనిచేస్తారు.

నెల తిరిగేసరికి హిమోగ్లోబిన్ 12.2, అంటే ఒక గ్రాము పెరిగింది. మందు పనిచేస్తోందనడానికి ఇది చాలు. మూడు నెలలకు బరువు 20.4 కిలోలు. ఆరు నెలలకు 21.4, ఎత్తు 123, బీఎంఐ 14.1. ఫెరిటిన్ 31కి వచ్చింది. జలుబు, జ్వరం ఉన్నప్పుడు ఫెరిటిన్ ఎక్కువ చూపిస్తుంది, అందుకని పాపకు ఒంట్లో బాగున్న వారం చూసి సీఆర్‌పీతో (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉందేమో చూపే పరీక్ష) కలిపి చేయించాం. హిమోగ్లోబిన్ సరైన వెంటనే మందు ఆపకుండా నిల్వల కోసం ఇంకో రెండు నెలలు వాడారు. హోల్ మిల్క్ ధ్రువీకరణను తల్లిదండ్రులే వెనక్కి తీసుకున్నారు.

ఈ కేసులోంచి తీసుకోదగ్గవి

2026 జనవరి 14న 'హోల్ మిల్క్ ఫర్ హెల్దీ కిడ్స్ యాక్ట్' చట్టమైంది. ఇప్పుడు స్కూళ్లు హోల్ మిల్క్, రెండు శాతం పాలు ఇవ్వొచ్చు, ఇవ్వాల్సిందేనని లేదు. పాలలోని కొవ్వును ఆ పది శాతం సంతృప్త కొవ్వు లెక్కలోంచి తప్పించారు కాబట్టి పైన చెప్పిన చీజ్ చిక్కు క్యాంటీన్‌కు తీరింది. అదే నెల వచ్చిన కొత్త ఆహార మార్గదర్శకాలు కూడా చక్కెర కలపని పూర్తి వెన్న పాలను ఒప్పుకున్నాయి, సంతృప్త కొవ్వు పరిమితిని మాత్రం మార్చలేదు. ఇప్పుడు ఇలాంటి రెఫరల్ వస్తే ధ్రువీకరణ పత్రాల పని ఉండకపోవచ్చు. ట్రే మీద మిగిలేదాన్ని చూసే పని ఉంటుంది.

వెన్న శాతం నిజంగా లెక్కకొచ్చే పిల్లలున్నారు. బడిలోనే ఉచిత టిఫిన్, ఉచిత లంచ్ రెండూ తిని, రెండు డబ్బాల పాలూ పూర్తిగా తాగి, ఇంట్లో రాత్రి సరైన తిండి దొరకని పిల్లకు హోల్ మిల్క్‌తో రోజుకు 100 కేలరీలు అదనంగా వస్తాయి. పాత నిబంధన వాళ్ల విషయంలో కఠినంగానే పనిచేసిందని నా అభిప్రాయం. ఇంట్లో పాలు పుష్కలంగా ఉన్న మన కుటుంబాల పిల్లలు ఎక్కువగా ఆ కోవలోకి రారు.

ఇలాంటి కేసు చేపట్టేవాళ్లకు నేను సూచించే వరుస ఇది. ఎత్తు, బరువు గీతలు రెండేళ్లవి తెప్పించండి. ఇంట్లో గ్లాసు కొలిపించండి. రోజుకు 600 మి.లీ. దాటితే ఫెరిటిన్ లేకుండా ముందుకెళ్లొద్దు, హిమోగ్లోబిన్ ఒక్కటీ చాలదు, అది ఆఖర్లో పడుతుంది. స్కూలును నిలదీసే ముందు నాలుగు గడుల కాగితం వారం రోజులు నింపించండి. ప్రధాన వంటకం ముట్టడం లేదంటే పాల చర్చ పక్కన పెట్టి తినగలిగే వంటకం వెతకండి. ప్రధాన వంటకం తింటూ పాలు కూడా తాగుతూ బరువు పెరగని పిల్లయితే, అప్పుడు డబ్బా మీద వెన్న శాతం చూడండి.

ఈ పాపకు మూడో తరగతిలో మూడు నెలలకోసారి బరువు, ఆరు నెలలకోసారి ఫెరిటిన్ చూస్తున్నాం. మందు ఆపాక శాకాహారి పిల్లల్లో నిల్వలు మళ్లీ తగ్గే అవకాశం ఉంది. ఫెరిటిన్ 20 కిందికి దిగితే లంచ్ బాక్స్‌ను మళ్లీ సరిచూసుకుని, డాక్టరుతో మందు గురించి మాట్లాడాలని తల్లిదండ్రులకు రాసిచ్చాం.